అడవి మీద బతికే గూడేలకు వాతావరణ మార్పు: ముందు విత్తనమా, హక్కు పత్రమా?

మీరు అడిగింది ఇది: అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో పన్నెండు గూడేల్లో మూడేళ్ల కార్యక్రమం మొదలుపెడుతున్నారు. మారుతున్న వానలను, ఎండలను తట్టుకునేలా చిరుధాన్యాల విత్తనం, మొక్కలు, శిక్షణ ఇవ్వాలని లెక్క వేసుకున్నారు. హక్కుల పత్రాలు, గ్రామసభ, అటవీశాఖ అనుమతులు ఇవన్నీ పాలనా వ్యవహారాలు కదా, వాటి మీద కూడా డబ్బూ కాలమూ పెట్టాలా అన్నది మీ సందేహం.

పెట్టాలి. మొదటి ఏడాది ఎక్కువ భాగం దానికే పెట్టండి. వాతావరణం మారినప్పుడు గూడెంలో ముందుగా తప్పేవి తేదీలు. ఇప్పపువ్వు రాలే రోజులు, తునికాకు ముదిరే రోజులు, విత్తే వాన, ఊట ఎండిపోయే నెల, అడవికి నిప్పు అంటుకునే వారం అన్నీ ముందుకో వెనక్కో జరుగుతాయి. వాటితోపాటు తన పనిని జరుపుకోగలిగిన గూడెం నిలబడుతుంది. ఆ తేదీలను వేరెవరో ఎక్కడో కూర్చుని ముందే రాసేసిన చోట, ఎంత మంచి విత్తనం ఇచ్చినా ఉపయోగం ఉండదు. కాబట్టి ఏ గూడెంలో అడుగుపెట్టినా నాలుగు ప్రశ్నలు అడగండి: కోత తేదీ ఎవరు చెబుతారు? ఏ మొక్క నాటాలో ఎవరు చెబుతారు? సరుకు ఎవరికి అమ్మాలో ఎవరు చెబుతారు? కొండ మీది ఊట దగ్గర గుంత తవ్వాలంటే ఎవరి సంతకం కావాలి? నాలుగింటికీ జవాబు గూడెం బయటే ఉంటే మీ పని అక్కడే మొదలవ్వాలి.

ఇది మన ఏజెన్సీకే పరిమితమైన మాట కాదు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 10 దేశాల్లో 80 ఉమ్మడి అడవులను పోల్చి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. అడవి విస్తీర్ణం పెద్దదై, నియమాలు పెట్టుకునే స్వేచ్ఛ స్థానికులకు ఉన్నచోట చెట్లలో కర్బన నిల్వా ఎక్కువే, జీవనోపాధీ మెరుగే అని తేలింది. అడవా, మనుషులా అని తేల్చుకోవాల్సిన పని అక్కడ పడలేదు.

పోడు, బీడు

ముందు పోడు సంగతి, ఎందుకంటే మీ విత్తనాలన్నీ అక్కడికే వెళ్తాయి. పాత పద్ధతిలో ఒక భూమి చెక్కను రెండు మూడేళ్లు సాగు చేసి, తర్వాత చాలా ఏళ్లు బీడుగా వదిలేసేవారు. చోడి (రాగి), సామ, కొర్ర, కంది, వలిసెలు కలిపి చల్లడం వల్ల వాన ఏ నెలలో ముఖం చాటేసినా ఏదో ఒక పంట చేతికొచ్చేది. బీడు పెట్టడం వల్ల మట్టి కోలుకునేది. ఇప్పుడు బీడు కాలం బాగా తగ్గిపోయింది. జనాభా పెరిగింది నిజమే, కానీ ఆ ఒక్క కారణమే చెప్పి ఊరుకుంటే తప్పు. చేతిలో పత్రం లేని భూమిని వదిలేస్తే అది "ఖాళీ అడవి" లెక్కలోకి వెళ్తుంది. మరుసటి వానాకాలానికి అందులో టేకో, నీలగిరో నాటి కంచె వేస్తారన్న భయం ఉంటుంది. తెలంగాణలో హరితహారం మొక్కలు నాటే సమయంలో పోడు భూముల దగ్గర జరిగిన గొడవల వెనక ఉన్నది ఈ భయమే. అందుకే ఓపిక లేని భూమిని కూడా ఏటేటా దున్నుతారు. మట్టి కొట్టుకుపోతుంది. వాన రెండు వారాలు ఆగితే చేను మాడుతుంది.

ఇక్కడ రాతి కట్టలు, జీడిమామిడి, పనస, కాఫీ ఏది చెప్పినా పదేళ్ల పెట్టుబడి. రేపు ఉంటుందో లేదో తెలియని భూమిలో పదేళ్ల చెట్టు ఎవరూ పెట్టరు. అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత పట్టా వస్తే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. పంట నష్టం లెక్కల్లోకి, బ్యాంకు రుణంలోకి, ప్రభుత్వ పెట్టుబడి సాయంలోకి దారి దొరుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కుప్పకూలాయి. అలాంటి రోజున భూమి ఎవరిదో చెప్పే కాగితం ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మీ గూడేల్లో పట్టా ఉన్న ప్రతి చేను ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) నమోదైందో లేదో ప్రతి సీజన్లో చూడండి. నమోదు కాని పంటకు తుపాను తర్వాత ఎంత తిరిగినా సాయం రాబట్టడం కష్టం.

కానీ వ్యక్తిగత పట్టాలో ఒక చిక్కుంది. ఆ రోజు సాగులో ఉన్న చెక్కనే కొలుస్తారు, బీడు చెక్క జారిపోతుంది. పైగా 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలన్న గడువు, నాలుగు హెక్టార్ల పరిమితి ఉన్నాయి. అందుకని బీడు చెక్కలను, కొండ వాలును, ఊటలను, మేత తావులను కలిపి సామూహిక అటవీ వనరు హద్దులో చూపించి క్లెయిమ్ చేయండి. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(1)(ఐ) సెక్షన్ చెప్పేది ఆ హక్కు గురించే: కాపాడుకునే, తిరిగి పెంచుకునే, నిర్వహించుకునే హక్కు. తేదీలు నిర్ణయించే అధికారం చట్టబద్ధంగా గూడెం చేతికి వచ్చేది దీనితోనే.

నిప్పు

ఎండలు ముదిరేకొద్దీ ఏజెన్సీకి పెద్ద ముప్పు ఇదే. ఫిబ్రవరి నుంచి మే వరకు కొండలు కాలుతుంటాయి. నిషేధం రాసిన బోర్డుతో నిప్పు ఆగదు. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట అడవుల్లో సోలిగ గిరిజనులు వేసవి మొదట్లో, ఆకులు పూర్తిగా ఎండకముందే, నేల మీది ఆకు మాత్రమే కాలేలా చిన్న నిప్పు పెట్టేవారు. 1974లో అది అభయారణ్యం అయ్యాక ఆ పద్ధతి ఆగిపోయింది. 1997కీ 2008కీ మధ్య చేసిన సర్వేల్లో లాంటానా కంప (అడవిని కమ్మేసే ముళ్లపొద) విపరీతంగా పెరిగినట్టు కనిపించింది. కింద కంప పేరుకుపోతే, వేసవి నడిమధ్యలో అంటుకున్న నిప్పు చెట్ల తలల దాకా పోతుంది. 2011లో అక్కడి సోలిగలకు పులుల అభయారణ్యంలోనే సామూహిక హక్కుల పత్రాలు వచ్చాయి. కానీ అప్పటికే పేరుకున్న కంప పత్రంతో పోదు.

దీన్ని చదివి రేపే నిప్పు పెట్టించకండి. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. పైగా కంప దట్టంగా ఉన్నచోట చిన్న నిప్పు అనేది ఉండదు. వరస ఇలా ఉండాలి: ముందు కంప పీకడం (వేరుతో, వానలు తగ్గాక నేల మెత్తగా ఉన్నప్పుడు), తర్వాత జనవరి ఆఖరులోపు మూడు నాలుగు మీటర్ల వెడల్పున ఆకు ఊడ్చిన నిప్పు బాట, తర్వాత కాపలా వంతులు. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల నుంచి నిప్పు హెచ్చరికలు పంపుతుంది. అందులో ఫోన్ నంబరు ఎవరైనా నమోదు చేసుకోవచ్చు. గూడేనికి ఇద్దరు యువకుల నంబర్లు నమోదు చేయించండి. ఉపగ్రహం చూపే చుక్క 375 మీటర్ల గడి, కాబట్టి ఏ వాలో తెలుస్తుంది గానీ ఏ చెట్టో తెలియదు. ఆ గడి ఎక్కడిదో చూడగానే చెప్పగలిగేది అక్కడివాళ్లే.

ఇప్పచెట్ల కింద పువ్వు ఏరడానికి ఆకు తగలబెట్టడం నిప్పుకు పెద్ద కారణం. చెట్టు కింద పాత చీరలు, వలలు పరిస్తే నిప్పు అక్కర్లేదు, పువ్వుకు మసీ అంటదు. కానీ చెట్టు ఎవరిదో తేలనిచోట చీర ఎవరూ పరవరు. ఒక్కో కుటుంబానికి ఇన్ని చెట్లు అని వాటాలు వేసుకున్న గూడేల్లో ఆ చెట్లకు కాపలా దానంతట అదే వస్తుంది. వాటాలు వేయించండి, సభ పుస్తకంలో రాయించండి.

సరుకు, ధర

వాన తప్పిన ఏడు చోడి పోయినా అడవి సరుకు ఆదుకుంటుంది. అందుకే దాని మీద ఎవరి చెయ్యి ఉందన్నది తిండికి సంబంధించిన ప్రశ్న. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1979 నాటి నిబంధన ప్రకారం చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే గుత్తాధికారం గిరిజన సహకార సంస్థ (జీసీసీ)ది. 1956లో పుట్టిన ఆ సంస్థ షావుకార్ల తూకాల మోసం నుంచి చాలామందిని కాపాడింది. ఆ తర్వాత వచ్చిన 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చినది), 2006 అటవీ హక్కుల చట్టం ఆ సరుకు మీద యాజమాన్యం గ్రామసభకే ఇచ్చాయి. నా సలహా: జీసీసీతో తగువు పెట్టుకోవద్దు, సంతలో ధర పడిపోయిన ఏడు అదే ఆధారం. కానీ వేరే మంచి ధర వస్తే అమ్ముకునే హక్కు గూడేనిదని తీర్మానం రాసి ఉంచండి. కనీస మద్దతు ధర తెలిసుండాలి. 2020 మేలో కేంద్రం గింజ చింతపండుకు కిలో 36 రూపాయలు, ఎండిన ఇప్పపువ్వుకు 30, అడవి తేనెకు 225 ప్రకటించింది. ఇప్పుడున్న ధర డిపోలో అడిగి, సభ జరిగే చోట గోడ మీద రాయించండి.

కాలం కాని కాలంలో వాన పడితే నష్టం ఎవరిది? ఇది ఎవరూ అడగని ప్రశ్న. తునికాకు కట్టలు కల్లంలో ఆరుతుండగా వడగళ్లు పడితే, తీసుకోని కట్టకు డబ్బు రాదు, కూలి ఏరినవాళ్లకే పోతుంది. తెలంగాణకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో గ్రామసభలు సొంతంగా వేలం పెట్టుకోవడం మొదలయ్యాక ఆ షరతులు వాళ్లే రాసుకునే వీలొచ్చింది: కల్లం దాటిన సరుకు నష్టం కొనేవాడిది, ఇంత శాతం ముందే కట్టాలి అని. కొన్ని చోట్ల కాంట్రాక్టర్లు బకాయిలు ఎగ్గొట్టారు కూడా. కాబట్టి అధికారం చేతికొస్తే చాలదు, ఒప్పందం చదివి పెట్టగలిగినవాళ్లు కావాలి. ఆ జిల్లాలోని మేండా లేఖా ఊరు 2009లోనే సుమారు 1,800 హెక్టార్లపై హక్కు పొందింది, 2011లో వెదురు రవాణా అనుమతి పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. పక్కనే చంద్రపూర్ జిల్లా పాంచ్‌గావ్ ఇంకో అడుగు వేసింది. తునికాకు కోసం కొమ్మలు నరకడం, నిప్పు పెట్టడం అడవికి చేటని గ్రామసభే ఆకు కోత మానేసి వెదురు మీద నిలబడింది. పై నుంచి ఎవరో ఆపితే అది నిషేధం అయ్యేది, రాత్రిపూట కోసేవాళ్లు. వాళ్లే ఆపుకున్నారు కాబట్టి నిలిచింది.

ఉసిరి, కరక్కాయ, తేనె ముదరకముందే తీసేయడం కూడా ఇదే జబ్బు. నేను ఆగితే పక్కవాడు కోస్తాడన్న అనుమానం. "ఫలానా రోజు డప్పు కొట్టాకే కోత" అని సభ చెప్పి, తప్పినవాడికి జరిమానా వేస్తే కాయ బరువే పెరుగుతుంది. ఆ రోజును క్యాలెండర్‌లో శాశ్వతంగా రాయొద్దు. ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు పెద్దలు చెట్లు చూసి చెప్పాలి. పెర తేనెలో తేనె భాగం మాత్రమే కోసి పిల్లల భాగం వదలాలి, లేకపోతే పై ఏడు ఆ కొండకు ఈగ రాదు.

ఇంకొకటి, ఏజెన్సీలో చాలా చింతచెట్లు అప్పు కింద షావుకారు దగ్గర తాకట్టులో ఉంటాయి. ఎంత కాసినా కుటుంబానికి దక్కదు. మొక్కల పంపిణీకి పెట్టే డబ్బులో కొంత తీసి, తాకట్టు చెట్లు విడిపించే రివాల్వింగ్ ఫండ్ పెట్టండి. కొత్త మొక్క పదేళ్లకు ఇచ్చేది, విడిపించిన చెట్టు ఈ ఏడే ఇస్తుంది.

నీళ్లు

గెడ్డలు (కొండవాగులు) మార్చికే సన్నబడుతున్నాయి. ఊటను బతికించాలంటే దాని పైవాలులో కందకాలు, చిన్న రాతి అడ్డుకట్టలు కావాలి. ఆ పైవాలు సాధారణంగా రిజర్వు అడవిలోనే ఉంటుంది. "అటవీ అనుమతి రాదు" అని చాలా ప్రాజెక్టులు ఊట కిందే ట్యాంకు కట్టి వదిలేస్తాయి. రెండేళ్లకు ట్యాంకు ఖాళీ. అటవీ హక్కుల చట్టంలోని 3(2) సెక్షన్ చూడండి. చెరువులు, చిన్న నీటి వనరులు, తాగునీటి పైపులు, వాననీటి కట్టడాలు, చిన్న కాలువలు సహా 13 రకాల పనులకు గ్రామసభ సిఫారసుతో అటవీ భూమి ఇవ్వవచ్చు. షరతులు రెండే: ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75కు మించి చెట్లు నరకకూడదు. ఫైలు రేంజర్ పరిశీలన మీదుగా డివిజన్ అటవీ అధికారి (డీఎఫ్‌వో) దగ్గరికి వెళ్తుంది. డీఎఫ్‌వో ఒప్పుకోకపోతే అటవీ హక్కుల జిల్లా కమిటీ తేలుస్తుంది.

క్లెయిమ్ ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువ చెడేది మొదటి మెట్టులోనే: పంచాయతీ మొత్తానికి ఒకే సభ పెట్టడం. పది గూడేల పంచాయతీలో చివరి గూడెం మాట ఎవరూ వినరు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గూడెం స్థాయిలోనే సభ జరగాలి. హాజరు కనీసం సగం మంది, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అటవీ హక్కుల కమిటీ 10 నుంచి 15 మంది, మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడో వంతు ఆడవాళ్లు. సంత రోజు సభ పెట్టొద్దు. గిరిజనుల ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్లు వేటలో ఉంటారు, కాఫీ కోత నెలల్లో అసలు ఎవరూ దొరకరు. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాలు మేలు.

రెండోది, ఫారం బి మాత్రమే ఇచ్చి ఊరుకోవడం. అది వాడుకునే హక్కుకు. నిర్వహణ హక్కుకు ఫారం సి వేరుగా ఇవ్వాలి. దానికి గుర్తుపట్టగల ఆనవాళ్లతో (గట్టు, గెడ్డ, దేవర చెట్టు) హద్దుల పటం, పక్క గూడేల సంతకాలు, కనీసం రెండు రకాల ఆధారాలు కావాలి. పెద్దల వాంగ్మూలం ఒక ఆధారమే. పాత వన సంరక్షణ సమితి (అటవీశాఖ ఆధ్వర్యంలోని ఊరి సంఘం) మైక్రోప్లాన్, అంటే అడవి పనుల ప్రణాళిక, కూడా పనికొస్తుంది. అందజేసిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు తీసుకోండి.

మూడోది, క్షేత్ర తనిఖీకి అటవీ సిబ్బంది రాకపోవడం, తర్వాత "మేము లేనప్పుడు చేశారు" అనడం. 2012లో సవరించిన నిబంధనల్లో దీనికి జవాబుంది. అలాంటి అభ్యంతరం వస్తే ఒక్కసారి తిరిగి తనిఖీకి పంపాలి, రెండోసారీ వాళ్లు రాకపోతే తనిఖీపై గ్రామసభ నిర్ణయమే తుది. ఉపగ్రహ చిత్రంలో అడవిలా కనబడుతోందని క్లెయిమ్ కొట్టేయడం కూడా చెల్లదు. ఆ చిత్రాలు ఇతర ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కావు. తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకోండి. డివిజన్ కమిటీకి, ఆపైన జిల్లా కమిటీకి వెళ్లడానికి 60 రోజుల చొప్పున గడువు. తేల్చేదాకా ఖాళీ చేయించడం 4(5) సెక్షన్ ప్రకారం కుదరదు.

హక్కు ఒక్కటే చాలదు

పత్రం వచ్చి ఇనప్పెట్టెలో పడి ఉన్న గూడేలు చాలా ఉన్నాయి. పత్రం తర్వాత 4(1)(ఇ) నిబంధన కింద రక్షణ కమిటీ, దాని పేరిట బ్యాంకు ఖాతా, రవాణా అనుమతి పుస్తకం ఉండాలి. నిబంధనల ప్రకారం ఆ అనుమతి ఇచ్చేది ఈ కమిటీ, లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన వ్యక్తి. ఖాతాకు కనీసం ఒక సంతకం ఆడమనిషిది పెట్టించండి. కట్టె, ఆకు, నీళ్లు మోసేది వాళ్లు, కోత తేదీ ఎప్పుడో ముందు తెలిసేదీ వాళ్లకే. పెద్ద కులం, పెద్ద కుటుంబం కమిటీని మింగేయడం కూడా జరుగుతుంది. నేపాల్లో అటవీ వాడకందారుల సంఘాలు ఆదాయంలో కనీసం 25 శాతం అడవి మీదే పెట్టాలని నియమం ఉంది, పేదలకు ప్రత్యేక వాటా ఉంది. మీ గూడేల్లోనూ డబ్బు రాకముందే అలాంటి వాటా రాయించండి. వచ్చాక రాయడం ఎవరి తరమూ కాదు.

పన్నెండు గూడేల్లో ఒకేసారి మొదలుపెట్టకండి. ఒకే గెడ్డ మీదున్న మూడు గూడేలు తీసుకోండి, ఎందుకంటే నీటి తీర్మానం, హద్దు సంతకం ఆ ముగ్గురి మధ్యే తెగాలి. వెళ్లిన మొదటి రోజే, ఆ గూడెం పేరిట ఇదివరకే ఏదైనా సామూహిక పట్టా ఉందేమో ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయంలో) అడగండి. ఉమ్మడి రాష్ట్రంలో తొలి రోజుల్లో ఇచ్చిన సామూహిక పట్టాల్లో చాలా వరకు గ్రామసభ పేరిట కాక వన సంరక్షణ సమితి పేరిట ఇచ్చారు. 1992 తర్వాత అటవీశాఖ ఆధ్వర్యంలో పుట్టిన ఆ సమితి, గ్రామసభ ఒకటి కావు. పత్రం మీద సమితి పేరుంటే, "మీకు పట్టా ఎప్పుడో ఇచ్చేశాం" అని కొత్త క్లెయిమ్‌ను పక్కన పెడతారు. ఆ కాపీ సంపాదించి, పేరు, విస్తీర్ణం, "వర్కింగ్ ప్లాన్‌కు (అటవీశాఖ నిర్వహణ ప్రణాళికకు) లోబడి" లాంటి షరతులు చూసి, గ్రామసభ పేరిట సరిచేయమని ఆ పత్రం నకలు జతచేసి తీర్మానం పంపండి. విత్తనం సంచులు విప్పేది ఆ తర్వాత.